తల కోసిన మిరపనారు

పొదిలి,
జులై 28

హెలెనూ,

ఒంట్లో బాగానే ఉంది, ఒళ్లే మండిపోతోంది. అత్తేంటి ఫోన్ చేయకుండా ఉత్తరం రాసింది అనుకుంటున్నావేమో. ఫోన్‌లో అయితే నేను అరుస్తాను, నువ్వు “అత్తా, మెల్లగా, ల్యాబ్‌లో ఉన్నాను” అంటావు, నేను టక్కున పెట్టేస్తాను. ఇప్పటికి మూడుసార్లు అలాగే అయింది. పైగా ఫోన్‌లో నారుమొక్క పంపలేను కదా. ఈ కవర్లో కాగితం మడతలో ఉన్నది జాగ్రత్తగా విప్పు.

రామకాంత్ గారి మిరప నర్సరీలో పద్నాలుగేళ్లుగా నేను ముఠామేస్త్రినన్న సంగతి నీకు తెలుసు. నా కింద తొమ్మిది మంది ఆడవాళ్లు. ట్రేలలో నారు నాలుగు వారాల వయసుకు వచ్చాక, పొలాలకు పంపేముందు, ఒక్కో మొక్క తల చిటికెడు కోస్తాం. మా అమ్మ నాకు నేర్పింది, నేను ముఠాకు నేర్పాను. కోయకపోతే నారు సన్నగా సాగిపోయి నల్లరేగడిలో నాటిన రోజే వాలిపోతుంది. కోస్తే కాండం లావెక్కుతుంది, పక్కలనుంచి రెండు కొమ్మలు లేస్తాయి. ఈ చుట్టుపక్కల రైతులు “ఆదెమ్మ కోసిన నారే కావాలి” అని అడిగి తీసుకెళ్లేవాళ్లు.

ఈ ఏడాది కోసిన పన్నెండో రోజుకు కొన్ని వరసల నారు పాడైపోయింది. నిన్న రామకాంత్ గారు వచ్చి, నారు కోసం వచ్చిన రైతులందరి ముందూ నా మీద పడ్డాడు. “కోసి కోసి చంపేశావు కదా ఆదెమ్మా! పసిమొక్క తల కోస్తే బతుకుతుందా? ఏదో పాత మోటు పద్ధతి, చూస్తూ ఊరుకున్నాను, నాది బుద్ధి తక్కువ” అన్నాడు. “పద్నాలుగేళ్లు బతికినవి ఈ ఏడాదే ఎట్లా చచ్చాయండీ?” అన్నాను. “నోర్ముయ్” అన్నాడు. ఇక మీదట తన నర్సరీలో కోత లేదట. కోత లేకపోతే ముఠా అక్కర్లేదు. తొమ్మిది మంది నా మొహం చూస్తూ నిలబడ్డారు హెలెనూ. ఇంటికి పదండి అన్నాను.

నువ్వు హైదరాబాదులో నాలుగేళ్లుగా చదువుతున్నది అదే కదా, దెబ్బ తగిలిన పసిమొక్క ఏం చేస్తుందో. మరి చెప్పు. నేను పంపిన మొక్క చూడు, కోసిన చోటు చూడు. అది చచ్చిన మొక్కా? నువ్వు ఒక్కమాట రాసిస్తే తీసుకెళ్లి ఆయన ముందు పెడతాను. నీళ్లు చూసే ఖాజావలి ఈ మధ్య మోటారు ఎక్కువసేపు వదిలేస్తున్నాడని అంటున్నారు. నేను చూడలేదులే.

నీ అత్త,
ఆదెమ్మ (ఇప్పుడు మేస్త్రిని కాను)


హైదరాబాద్,
ఆగస్టు 2

అత్తా,

నీ ఉత్తరం చదివి నాకూ ఒళ్లు మండింది. మన ఇంటి కోపం ఎక్కడికి పోతుంది!

నువ్వు పంపిన మొక్కను మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. కోసిన చోట చక్కగా మూసుకుపోయి ఉంది. రెండు పక్కలా మొగ్గలు లేచాయి. మా ల్యాబ్ వాళ్లందర్నీ పిలిచి చూపించాను, ఇది మా అత్త చెయ్యి అని చెప్పాను.

మొక్కకు నోరు లేదు, కాళ్లు లేవు, దెబ్బ పడితే పారిపోలేదు. అంతమాత్రాన చేతులు కట్టుకుని కూర్చుంటుందనుకున్నారా ఆయన? కత్తెర పడిన నిమిషాల్లోనే గాయం దగ్గర జాస్మోనిక్ ఆమ్లం అనే హార్మోను తయారవుతుంది. మల్లెపూల నూనెలో ఉండే ఒక పదార్థానికి అది దగ్గర చుట్టం, ఆ పేరు అందుకే వచ్చింది. గాయమైందన్న కబురు మిగతా ఆకులకూ చేరుతుంది, అక్కడా అది తయారవుతుంది. పొడుగు పెరగడం కాసేపు ఆపండి, ఉన్నదాన్ని గట్టి చేసుకోండి అని దాని హుకుం. ఇంకొకటి ఆక్సిన్. అది తల చిగురులో పుట్టి కిందికి దిగుతూ పక్క మొగ్గల్ని లేవనివ్వదు. నువ్వు తల కోయగానే దాని పెత్తనం పోయింది, అణిగి ఉన్న మొగ్గలు లేచాయి. నానమ్మ నీకు నేర్పింది ఇదే. పేర్లు ఒక్కటే నేర్పలేదు.

నేను ఇక్కడ చేసేదీ కోతే. వారం వయసున్న మొలకల వేళ్ల కొసలు బ్లేడుతో కోస్తాను. కోసిన చోట ఆక్సిన్ పోగవుతుంది, నాలుగైదు రోజులకల్లా కొత్త కొస వస్తుంది. ల్యాబ్‌లో నన్ను కసాయి హెలెన్ అంటారు. కసాయి అత్తకు కసాయి మేనకోడలు, ఏం చేస్తాం!

ఒక్కమాట రాసివ్వమన్నావు, నేను రెండు పేజీలు రాశాను. మా డిపార్ట్‌మెంట్ పేరున్న కాగితం మీద నేరుగా రామకాంత్ గారికే పోస్టు చేశాను. నకలు ఇందులో పెడుతున్నాను. కోత వల్ల నారు చావదని, నీళ్లు ఎక్కువైతే వేళ్లు కుళ్లుతాయని, ముందు నీళ్లు చూసే మనిషిని అడగమని రాశాను. ఇప్పుడు చెప్పమను, మోటు పద్ధతి అని.

నీ
హెలెన్


పొదిలి,
ఆగస్టు 10

హెలెనూ,

నీ కాగితం వచ్చింది. రామకాంత్ గారు దాన్ని అందరి ముందూ చదివించాడు. “మీ కోడలు ఇంత చదివిందా ఆదెమ్మా!” అన్నాడు. మర్నాటినుంచి మమ్మల్ని పనికి రమ్మన్నాడు. ముఠా వాళ్లు టీ తాగించమని నా వెంట పడ్డారు. తాగించాను.

ఖాజావలిని ఆ పూటే మానిపించాడు. పదకొండేళ్లుగా ఆ మోటారు దగ్గరే ఉన్నాడు. కాగితంలో ఉన్నమాటే చెప్పి పంపాడు, నీళ్లు ఎక్కువైతే వేళ్లు కుళ్లుతాయని. ఖాజావలి ఒక్కటే అన్నాడు, “సార్, ఒక మొక్క పెరికి వేరు చూడండి, కుళ్లిందేమో” అని. ఎవరూ పెరకలేదు. నేను పక్కనే ఉన్నాను, నేనూ పెరకలేదు.

నిన్న ఖాజావలి భార్య షమా మా వీధిలో పాలు పోస్తూ నా గుమ్మం దగ్గర ఆగింది. నన్నేమన్నా అంటుందని ఎదురుచూశాను. చెంబులో పాలు పోసి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

పాడైన వరసలోంచి ఒక ఆకు తుంచి ఇందులో పెడుతున్నాను. మొదటి ఉత్తరంలోనే పెట్టాల్సింది. ఇదేమిటో చూసి చెప్పు. వేరే ఏమీ రాయలేను ఈ పూట.

ఆదెమ్మ


హైదరాబాద్,
ఆగస్టు 16

అత్తా,

ఆకు చూశాను.

లేత పచ్చ, ముదురు పచ్చ కలిసిపోయిన పొడలు, అంచులు ముడుచుకుపోయి, ఆకంతా గిడసబారి ఉంది. నీళ్లు ఎక్కువైతే ఇలా ఉండదు. ఇది వైరస్. మా పక్క ల్యాబ్‌లో పరీక్ష చేయించాను, అనుమానం లేదు. ఇది పొగాకు తెగులు. ఎండబెట్టిన పొగాకులో, చుట్టలో, నమిలే కాడలో ఏళ్లతరబడి బతికే ఉంటుంది. పొగాకు ముట్టుకున్న చేత్తో మిరపమొక్కను ఊరికే పట్టుకుంటే అంత భయం లేదు. పచ్చిగాయం మీద ఆ చెయ్యి పడితే మాత్రం లోపలికి పోతుంది. గాయాన్ని మూసుకోవడం మొక్కకు తెలుసు, నేను రాసిన హార్మోన్లన్నీ ఆ పనిలోనే ఉంటాయి. మూసుకునేలోపు మనమే చేత్తో లోపలికి తోసినదాన్ని అది ఏం చేయగలదు?

నేను తప్పు రాశాను. ఆకు చూడకుండా, వేరు చూడకుండా, నువ్వు ఫలానా అన్నావని రెండు పేజీలు రాసేశాను. ఒక మనిషి పని పోగొట్టాను. ఆయన మొహం కూడా నాకు తెలియదు.

ఇప్పుడు నిన్నొకటి అడగాలి. కోసినవాళ్లలో పొగాకు ముట్టేది ఎవరు? నువ్వు మానేశావు. అమ్మకు దవడ కింద కాన్సర్ వచ్చింది ఆ కాడ వల్లనే అని డాక్టర్ చెప్పినప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు. అమ్మ సమాధి మీద చెయ్యి పెట్టి, ఇక జన్మలో నోట్లో పెట్టను అన్నావు. నేను అడగలేదు, నీ అంతట నువ్వే అన్నావు. కాబట్టి నువ్వు కాదు. నువ్వు కాదు కదా అత్తా?

హెలెన్


పొదిలి,
ఆగస్టు 22

హెలెనూ,

నేనే.

మీ అమ్మ పోయాక తొమ్మిది నెలలు ముట్టుకోలేదు. ఈ వేసవిలో ముఠాతో పొగాకు గ్రేడింగుకి వెళ్లాను. నాలుగు నెలలు ఆ వాసనలో కూర్చున్నాను. మొదట పంటి నొప్పికని ఒక ముక్క పెట్టుకున్నాను. తర్వాత పంటి నొప్పి లేకపోయినా పెట్టుకున్నాను. రొంటిలో చిన్న సంచి దాచుకునేదాన్ని. ఇదివరకు అందరి ముందే నమిలేదాన్ని కాబట్టి కోతకు ముందు సబ్బుతో చేతులు కడుక్కునేదాన్ని, ఈసారి దొంగచాటు కదా, కడుక్కుంటే అడుగుతారని అలాగే కోశాను. మీ నాన్న ఇంటికి వచ్చినప్పుడు నోరు పుక్కిలించుకుని మాట్లాడేదాన్ని. ఏం చెప్పను, నీకు ఫోన్ చేసినప్పుడు కూడా బుగ్గన ఉండేది.

ఇంకోటి విను. పాడైనవి నా వరసలే. మా ముఠాలో సంతోషకుమారి కోసిన వరసల్లో ఒక్క మొక్క చెడలేదు, మిగతావాళ్లవీ బాగానే ఉన్నాయి. ఎవరు ఏ వరస కోశారో రామకాంత్ గారికి తెలియదు, నాకు తెలుసు. ఎందుకిలా అయిందో అప్పుడు నాకు తెలియదు, కానీ నావే అని తెలుసు. మొదటి ఉత్తరంలో నీకు మంచి వరసలోని మొక్క పంపాను. పాడైన ఆకు పంపలేదు. ఖాజావలి పేరు కావాలనే రాశాను, నేను చూడలేదు అని పక్కనే రాస్తే నా మీదికి రాదనుకున్నాను. నీది తొందరపాటు, నాది దొంగబుద్ధి. రెండూ ఒకటి కాదు, నువ్వు ఏడవకు.

నీ ఉత్తరం చదివిన మర్నాడు సోమవారం. నర్సరీలో పాతికమంది రైతులున్నారు. షేడ్‌నెట్ పందిరి ముందు నిలబడి పిలిచాను.

“రామకాంత్ గారూ, ఖాజావలి నీళ్ల తప్పేం లేదండీ. చెడినవి నా వరసలు. నోట్లో కాడ పెట్టుకుని, అదే చేత్తో నారు పట్టుకుని కోశాను. పొగాకు తెగులు అంటించింది నేనే.”

ఆయన గబగబా దగ్గరికి వచ్చాడు. “ఇప్పుడా చెప్పేది? రైతులున్నారు. లోపలికి రా, ఆఫీసులో మాట్లాడుకుందాం.”

“నా పరువు తీసేటప్పుడు లోపలికి పిలవలేదు కదండీ. ఇదీ ఇక్కడే కానివ్వండి.”

“అయితే నేను మొదట అన్నదే నిజమన్నమాట. నీ కోతే చంపింది.”

“చంపింది నా చెయ్యండీ, కోత కాదు. సంతోషకుమారి కోసిన వరసలు చూసుకోండి, కంచులా ఉన్నాయి.”

“తప్పు చేసిందిగాక మళ్లీ దబాయింపా?”

“చేసింది ఒప్పుకున్నాను. చేయనిది ఎందుకు ఒప్పుకుంటానండీ?”

ఒక రైతు నవ్వాడు. ఇంకొకాయన “ఆ ఖాజావలిని పిలిపించవయ్యా ముందు” అన్నాడు. అందరూ చూస్తున్నారు మరి, ఆ పూటే పిలిపించి మళ్లీ పనిలో పెట్టుకున్నాడు. నన్ను మాత్రం వెళ్లిపొమ్మన్నాడు. ముఠాకు పని లేదు, కోత లేదు, మళ్లీ పాత మాటే. మూడు ట్రేలు ఇవ్వండి, నా కోతేంటో మీ కళ్లముందే పెంచి చూపిస్తాను అన్నాను. ఇవ్వను అన్నాడు.

ఇవ్వకపోతే పోనీ. సంతోషకుమారి వాళ్లింట్లో పాత ట్రేలు మూడున్నాయి. మా వాకిట్లో నాలుగు కర్రలు పాతి పాత చీరలు కట్టాం. విత్తనాలు తెచ్చాను, ఎల్లుండి వేస్తున్నాను. చేతికి ఏం పూసుకుంటే ఆ తెగులు అంటదో అది మాత్రం రాయి. నన్ను తిట్టాలనిపిస్తే అదీ రాయి, విడిగా ఇంకో కాగితం మీద.

ఆదెమ్మ


హైదరాబాద్,
ఆగస్టు 30

అత్తా,

తిట్లకు ఇంకో కాగితం ఎందుకు, ఇందులోనే రాస్తాను. నాతో మాట్లాడుతున్నప్పుడు కూడా బుగ్గన ఉందన్నావే, ఆ ఒక్క వాక్యం చదివి రెండు రోజులు ఉత్తరం ముట్టుకోలేదు. అమ్మ చివరి నెలలో అన్నం మింగలేక జావ తాగేది. నువ్వే పట్టావు గ్లాసు. నీకు ఎలా మనసొచ్చింది? క్షమించాను అని రాద్దామని కూర్చున్నాను. ఆ మాట ఇంకా రావడం లేదు. రాకుండా రాయను.

ఖాజావలి గారికి ఉత్తరం రాశాను, క్షమించమని అడిగాను. రామకాంత్ గారికి ఇంకొకటి రాశాను, మొదటి ఉత్తరంలో నీళ్ల గురించి రాసింది తప్పని, కోత గురించి రాసింది తప్పు కాదని. మా మేడమ్ దగ్గరికి నేనే వెళ్లి, డిపార్ట్‌మెంట్ కాగితం ఇలా వాడానని చెప్పాను. గట్టిగా చీవాట్లు పెట్టారు. చివర్న, “తప్పు దిద్దావు, సరే. మీ అత్త పెంచే నారు సంగతి నాకూ చెప్పు” అన్నారు.

ఇక పని మాట. వెన్న తీసిన పాలలో చేతులు, కత్తెర ముంచి కోయి. పాలలోని పదార్థం ఆ వైరస్‌ను పట్టేసి పనికిరాకుండా చేస్తుంది. ఇది నా కల్పన కాదు, నర్సరీల్లో చేసేదే. ఒక ట్రే పాలచేత్తో కోయి. ఒక ట్రే అసలు కోయకు. మూడోది పొగాకు నీళ్లు ముట్టిన చేత్తో కోయి, దాన్ని గోడకు అవతల దూరంగా పెట్టు, ఆఖరికి తగలబెట్టేయి. మూడోది లేకపోతే కోత తప్పా, చెయ్యి తప్పా అని మళ్లీ వాదిస్తారు.

కోసిన చోట రోజూ చూసి రాయి.

హెలెన్


పొదిలి,
అక్టోబరు 12

హెలెనూ,

రోజూ రాయమన్నావు, నెలన్నరకు రాస్తున్నాను. అయ్యేదాకా ఎవరికీ చెప్పదల్చుకోలేదు.

వెన్న తీసిన పాలు ఎక్కడివి అంటావేమో. షమా గుమ్మంలోకే వెళ్లి అడిగాను. “నా మొగుడి పని తీయించిన చేతులకు నా గేదె పాలా?” అంది. అవునమ్మా, ఆ చేతులకే అన్నాను. నన్ను ఎగాదిగా చూసి లోపలికెళ్లి గిన్నె తెచ్చింది. కోత రోజున తనే వచ్చి నా చేతుల మీద పోసింది. “వేళ్ల సందుల్లో కూడా రుద్దు” అని అజమాయిషీ చేసింది. మూడో ట్రే మాత్రం చివర్న, కాడ నానబెట్టిన నీళ్లలో చెయ్యి ముంచి కోశాను. ఆ వాసనకు నోట్లో నీళ్లూరాయి. ముంచాను అంతే, నోట్లో పెట్టలేదు.

పదకొండో రోజుకు గోడ అవతలి ట్రేలో ఆకులు పొడలు పడ్డాయి. పాలచేత్తో కోసిన ట్రేలో ఒక్క ఆకు చెడలేదు. కాండాలు పుల్లల్లా గట్టిపడ్డాయి, కోసిన చోట పక్కలనుంచి జంట కొమ్మలు లేచాయి. కోయనిది జానెడు పొడుగు సాగింది, చూడటానికి అందంగానే ఉంది. మొన్న వాయుగుండం గాలి వచ్చింది కదా, నా చీరల పందిరి ఎగిరిపోయింది. తెల్లారి చూస్తే కోయని నారు చాపలా పరుచుకుపోయి ఉంది. కోసింది నిలబడే ఉంది. సంతోషకుమారి వీధిలోకి పరిగెత్తి కనపడ్డవాళ్లందర్నీ కేకేసింది.

చేలలో చచ్చిన మొక్కల చోట మళ్లీ నాటుకోవడానికి ఇప్పుడు అందరికీ నారు కావాలి. రామకాంత్ గారి నర్సరీలో కోయకుండా పెంచిన నారంతా అదే గాలికి పడిపోయింది. నిన్న పొద్దున ఆరేడుగురు రైతుల్ని వెంటేసుకుని మా వాకిట్లోకి వచ్చాడు. మూడు ట్రేలూ చూశాడు, గోడ అవతలిది కూడా వంగి చూశాడు. కోసిన ట్రేలో మొక్క పట్టుకుందామని చెయ్యి చాపాడు. ఆ వేళ్ల మధ్య సిగరెట్టు.

“ఆగండి!” అని అరిచాను. నా అరుపు సంగతి నీకు తెలుసు కదా, ఆయన ఉలిక్కిపడ్డాడు. “ముందు అది పారేసి, గిన్నెలో పాలున్నాయి, చేతులు ముంచండి.”

“నేనా?” అన్నాడు.

“ఆ తెగులుకు యజమాని, కూలి తేడా తెలియదండీ.”

రైతులందరూ ఆయన వంకే చూస్తున్నారు. ఖాజావలి వాళ్ల వెనక నిలబడి పైకండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. రామకాంత్ గారు సిగరెట్టు పారేసి, చొక్కా చేతులు మడిచి, గిన్నెలో రెండు చేతులూ ముంచాడు. షమా వదల్లేదు, “వేళ్ల సందుల్లో కూడా సార్” అంది.

“రేపటినుంచి ముఠాను తీసుకురా” అన్నాడు చేతులు తుడుచుకుంటూ. “ఊరికే రాము. నర్సరీ గుమ్మంలో పాలగిన్నె ఉండాలి. లోపలికి ఎవరొచ్చినా ముంచాల్సిందే, రోజూ ముందు మీరే ముంచాలి. పాలు షమా దగ్గరే తీసుకోవాలి. నేను తప్పు చేశాను కాబట్టి నా చెయ్యి రోజూ సంతోషకుమారి వాసన చూస్తుంది, ఆమె సరేనంటేనే కత్తెర పట్టుకుంటాను” అన్నాను. “నీ తప్పుకు నాకు షరతులా?” అన్నాడు. “అవునండీ” అన్నాను. ఒప్పుకున్నాడు. ఈ పొద్దున తొమ్మిది మందీ వచ్చారు.

పొగాకు ట్రేను నువ్వు చెప్పినట్టే తగలబెట్టాను. అది మండుతుంటే ఖాజావలి పక్కన నిలబడ్డాడు. “నీ కోడలి ఉత్తరం అందింది, బాగా రాసింది” అన్నాడు.

నువ్వు క్షమించాను అని రాయలేదు. మంచిపని చేశావు. నేనూ అడగను. ఈసారి సమాధి దగ్గరికి వెళ్లి ఒట్లు కూడా పెట్టలేదు, నా ఒట్టు ఎంతదో మీ అమ్మకు తెలిసిపోయింది కదా. విత్తనాలు వేసిన రోజునుంచి లెక్కపెట్టుకుంటున్నాను, ఇవాళ్టికి నలభైతొమ్మిది రోజులు. రోజూ కావాలనిపిస్తుంది. రోజూ దాన్ని బూతులు తిడతాను, అయ్యగారు వింటే చర్చి నుంచి వెలివేస్తారు.

ఇందులో మూడు కవర్లలో చుట్టి గట్టిగా కట్టినది నా రొంటి సంచి. లోపల రెండు కాడలు మిగిలున్నాయి. పారేద్దామనుకున్నాను, పారేస్తే మళ్లీ కొనుక్కుంటాను. నీ దగ్గరుంటే అడగడానికి నాకు మొహం చెల్లదు. బీరువాలో పెట్టి తాళం వేసుకో. మొలకలున్న గదిలోకి మాత్రం తీసుకెళ్లకు. విప్పి చూస్తే పాలతో చేతులు కడుక్కో.

నీ అత్త,
ఆదెమ్మ
ముఠామేస్త్రి